పొట్టి పంప్ షాట్‌గన్లు: షాక్‌వేవా, మామూలు పద్దెనిమిదిన్నరా, ఫారాలు పెట్టి కొనేదా... ఏది మేలు?

అమెరికాలో మనవాళ్ళు ఇల్లు కొన్నాక, వీధిలో రెండు మూడు కార్ల అద్దాలు పగిలాక, లేదా గ్యాస్ స్టేషన్ కౌంటర్ వెనక రాత్రి షిఫ్టులు చేశాక మెల్లగా తుపాకీ గురించి అడగడం మొదలుపెడతారు. అందులో ఎక్కువమంది అడిగేది ఒకటే, అన్నా ఆ పొట్టి పంప్ ఉంది కదా, బట్ లేకుండా ముద్దుగా ఉంటుంది, మోస్‌బర్గ్ షాక్‌వేవో ఏదో, అది లీగలేనా, తీస్కోవచ్చా అని.

లీగలే, చాలా రాష్ట్రాల్లో. కానీ లీగల్ కావడం వేరు, అర్ధరాత్రి చేతికి పనికిరావడం వేరు. నా మాట ముందే చెప్పేస్తా, తర్వాత కారణాలు చదువుకోండి. ఇంటి కోసమైతే పద్దెనిమిదిన్నర అంగుళాల బ్యారెల్, భుజానికి ఆనే బట్ ఉన్న మామూలు పంపే మేలు (ముందు భాగాన్ని చేత్తో వెనక్కీ ముందుకీ లాగి షెల్ ఎక్కించే షాట్‌గన్నే పంప్ అంటారు). కాదు కూడదు పొట్టిదే కావాలి అంటే ఫారాలు పెట్టి, రిజిస్టర్ చేయించి, బట్‌తో సహా పొట్టిది కొనుక్కోండి. ఈ రెండింటికీ మధ్యలో ఉన్న షాక్‌వేవ్ లాంటివి చట్టంలో ఉన్న కొలతలు చూసి కుట్టిన చొక్కాలు, మన ఒంటికి కాదు, టేపుకి సరిపోయేలా కుట్టినవి.

పోటీలో ఉన్నవి నాలుగు. ఒకటి అందరికీ తెలిసిన మామూలు పంప్, అంటే మోస్‌బర్గ్ 500, 590, చవగ్గా కావాలంటే అదే కంపెనీది మావెరిక్ 88, ఇటు రెమింగ్టన్ 870. రెండోది షాక్‌వేవ్, దానికి పోటీగా 2017లోనే వచ్చిన రెమింగ్టన్ ట్యాక్-14. మూడోది 14 అంగుళాల బ్యారెల్‌కి బట్ కూడా ఉండే రిజిస్టర్డ్ షార్ట్ బ్యారెల్ షాట్‌గన్, ఇక్కడ అందరూ ఎస్‌బీఎస్ అంటారు. నాలుగోది మరీ బుల్లిది, సెర్బూ సూపర్ షార్టీ లాంటిది, దాన్ని చట్టం 'ఇతర ఆయుధం' అనే ఖాతాలో వేస్తుంది, ఏఓడబ్ల్యూ అంటారు. నాలుగింటిలోనూ పేలేది అదే 12 గేజ్ షెల్ (గేజ్ అంటే గొట్టం లావు కొలత, అంకె పెరిగితే గొట్టం సన్నబడుతుంది), ముందుకీ వెనక్కీ లాగే పద్ధతీ అదే, కొన్నిటికి రిసీవర్, అంటే ట్రిగ్గరూ మిగతా యంత్రమూ ఉండే మధ్య పెట్టె, కూడా ఒకే ఫ్యాక్టరీది. తేడా అంతా పొడుగులోనూ కాగితాల్లోనూ.

ఈ కొలతల గొడవ ఎక్కడ మొదలైందో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. 1934లో నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ (ఎన్‌ఎఫ్‌ఏ) వచ్చింది. మద్యనిషేధం రోజుల గ్యాంగ్‌స్టర్ల కాల్పులు జనం బుర్రలో ఇంకా తాజాగా ఉన్న సమయం అది. బిల్లు మొదట రాసినప్పుడు అందులో పిస్టళ్ళు, రివాల్వర్లు కూడా ఉన్నాయి, అంటే జేబులో దాచుకోగలిగే ప్రతిదీ రిజిస్టర్ చేయాలి, పన్ను కట్టాలి అని. అలాంటప్పుడు పిస్టల్ దొరక్కపోతే జనం పొడుగు తుపాకీనే కోసి పొట్టి చేసుకుంటారు కదా, ఆ దారి మూయడానికి పొట్టి రైఫిళ్ళు, పొట్టి షాట్‌గన్లు కూడా చేర్చారు. తర్వాత రాజకీయంగా కుదరక పిస్టళ్ళను బిల్లులోంచి తీసేశారు, పొట్టి షాట్‌గన్ల నిబంధన మాత్రం అలాగే ఉండిపోయింది. అంటే అసలు తలుపు తీసేసి దాని గొళ్ళెం మాత్రం ఉంచారన్నమాట, అందుకే ఇవాళ ఎవడైనా షాపుకెళ్ళి అరచేతిలో పట్టే పిస్టల్ మామూలుగా కొనుక్కోవచ్చు గానీ, షాట్‌గన్ బ్యారెల్ పదిహేడున్నర అంగుళాలుండి, రిజిస్టర్ చేయకపోతే మాత్రం ఫెడరల్ నేరం.

లెక్క ఇదీ: షాట్‌గన్ అయితే బ్యారెల్ 18 అంగుళాలకి తగ్గకూడదు, మొత్తం పొడుగు 26 అంగుళాలకి తగ్గకూడదు. రైఫిల్‌కి కూడా మొదట 18 ఉండేది, 1960లో 16కి దించారు, షాట్‌గన్‌ని మాత్రం ముట్టుకోలేదు. పన్ను 200 డాలర్లు, 1934లో అది చిన్న డబ్బు కాదు, ఒక షాట్‌గన్ ధర కంటే చాలా ఎక్కువ. పన్ను అనే పేరుతో కొనకుండా చేయడమే ఉద్దేశం.

దీని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన ఒక పెద్ద కేసు కూడా పొట్టి షాట్‌గన్‌దే. జాక్ మిల్లర్, ఫ్రాంక్ లేటన్ అనే ఇద్దరు ఓక్లహోమాలోని క్లేర్‌మోర్ నుంచి ఆర్కన్సాలోని సైలోమ్ స్ప్రింగ్స్‌కి ఒక కోసిన స్టీవెన్స్ డబుల్ బ్యారెల్ తీసుకెళ్తూ దొరికారు. ఆయుధ హక్కు ఇచ్చే రెండో రాజ్యాంగ సవరణ పౌరసేన గురించి మాట్లాడుతుంది, అందుకని 1939లో కోర్టు ఏమందంటే 18 అంగుళాల లోపు షాట్‌గన్‌కీ పౌరసేనకీ సంబంధం ఉందని మా ముందు ఎవరూ చూపించలేదు కాబట్టి చట్టం చెల్లుతుంది అని. చూపించడానికి అసలు ఎవరూ రాలేదు కూడా, నిందితుల తరఫున లాయరే హాజరు కాలేదు, మిల్లర్ అయితే తీర్పు రాకముందే హత్యకి గురయ్యాడు. దశాబ్దాల పాటు అమెరికా తుపాకీ చట్టానికి ఆధారంగా నిలిచిన కేసు ఒకవైపు వాదన మాత్రమే విని తేల్చింది అని తెలిసినప్పుడు నాకైతే నోరు తెరుచుకుంది.

ఇప్పుడు షాక్‌వేవ్ ఈ సందులోంచి ఎలా దూరిందో చూడండి. చట్టంలో షాట్‌గన్ అంటే భుజానికి ఆనించి కాల్చడానికి చేసిన తుపాకీ. ఫ్యాక్టరీలో పుట్టినప్పటి నుంచీ దానికి బట్ అనేదే తగిలించకపోతే అది షాట్‌గన్ కాదు, షాట్‌గన్ కాకపోతే 18 అంగుళాల రూలు దానికి వర్తించదు. సరే మరి దాచుకునే ఆయుధమేమో, ఏఓడబ్ల్యూ కిందకి వస్తుందేమో అంటే, 26 అంగుళాలు దాటితే ఒంటిమీద దాచుకునేదిగా లెక్కెయ్యరు. అందుకే షాక్‌వేవ్ బ్యారెల్ 14.375 అంగుళాలు, మొత్తం పొడుగు 26.37. ఆ చివరి మూడో వంతు అంగుళం చూశారా, ఆ తుపాకీ మొత్తం దాని మీదే నిలబడి ఉంది. 2017లో మోస్‌బర్గ్ దీన్ని తెచ్చింది, ఆ ఏడాది మార్చిలో తుపాకీ చట్టాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ ఇది ఎన్‌ఎఫ్‌ఏ కిందకి రాదని ఉత్తరం ఇచ్చింది, వెంటనే రెమింగ్టన్ 14 అంగుళాల బ్యారెల్, 26.3 అంగుళాల పొడుగుతో ట్యాక్-14 దింపింది. డీలర్ దగ్గర నింపే 4473 ఫారంలో ఇది పిస్టల్ కాదు, రైఫిల్ కాదు, షాట్‌గన్ కాదు, 'ఇతర' అనే గడిలో పడుతుంది.

ఆ పిడి ఆకారం ఊరికే స్టైల్ కోసం అనుకుంటారు చాలామంది. పక్షి తల వంపు అని పిలిచే ఆ పిడి వెనక్కి సాగి ఉంటుంది, నిటారుగా కిందకి దిగదు. పొడుగు కొలిచేటప్పుడు బ్యారెల్‌కి సమాంతరంగా ఈ చివర నుంచి ఆ చివరకి కొలుస్తారు, పిడి వెనక్కి సాగితే అంగుళాలు పెరుగుతాయి, కిందకి వంగితే తగ్గుతాయి. ఎవరైనా చేతికి సుఖంగా లేదని దాన్ని తీసేసి మామూలు పిస్టల్ పిడి బిగించారనుకోండి, పొడుగు 26 లోపుకి పడిపోతుంది, ఆ నిమిషం నుంచి మీ దగ్గరున్నది రిజిస్టర్ కాని ఏఓడబ్ల్యూ. బట్ బిగిస్తే రిజిస్టర్ కాని ఎస్‌బీఎస్. రెండిటికీ పదేళ్ళ దాకా జైలు ఉంది. స్క్రూడ్రైవర్ పని పది నిమిషాలు, శిక్ష పదేళ్ళు. అంతేకాదు, 26 దాటినా సరే దాన్ని కోటు లోపల దాచి తిరిగితే అప్పుడు కూడా వర్గీకరణ మారిపోవచ్చని ఏటీఎఫ్ అదే ఉత్తరంలో చెప్పింది, కాబట్టి ఇది ఒంటిమీద పెట్టుకు తిరిగే వస్తువు అని ఎవరైనా చెప్తే వినకండి.

ఇంకో తిరకాసు, పుట్టుక లెక్క. షాపులో బట్‌తో అమ్మిన మోస్‌బర్గ్ 500 మీ దగ్గర ఉంది, దాని బట్ తీసేసి అదే పక్షి తల పిడి, అదే 14 అంగుళాల బ్యారెల్ పెడితే చూడ్డానికి షాక్‌వేవ్‌కీ దీనికీ తేడా ఉండదు. చట్టానికి మాత్రం బోలెడు తేడా, అది షాట్‌గన్‌గా పుట్టింది కాబట్టి ఇప్పుడు కూడా షాట్‌గనే, పొట్టిది, నేరం. రెండు తుపాకులు పక్కపక్కన బల్ల మీద పెడితే పోలీసు కూడా కంటితో చెప్పలేడు, సీరియల్ నంబర్ పట్టుకుని ఫ్యాక్టరీ రికార్డులు తీయాలి.

సరే చట్టం పక్కన పెట్టి చేతిలోకి తీసుకుందాం. 18.5 అంగుళాల 590 మొత్తం పొడుగు సుమారు 39 అంగుళాలు, బరువు 7 పౌండ్ల చుట్టుపక్కల. షాక్‌వేవ్ 26 అంగుళాల పైచిలుకు, బరువు 5.3 పౌండ్లు. పన్నెండున్నర అంగుళాలు తగ్గాయి, బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఆ తగ్గినదాంట్లో బ్యారెల్ వాటా నాలుగు అంగుళాలే, మిగతా ఎనిమిది పైన బట్ పోయినందుకు తగ్గింది. బట్ అంటే అలంకారం కాదు, తుపాకీ తన్నిన తన్నుని భుజం మీదుగా ఒళ్ళంతా పంచేదీ అదే, చెంప ఆనించి గురి చూసుకోడానికి చోటు ఇచ్చేదీ అదే. దాన్ని తీసేసి, బరువు కూడా తగ్గించేసి, అదే 12 గేజ్ బక్‌షాట్ (పెద్ద సీసం గుళ్ళున్న షెల్) పేల్చమంటే తన్ను మొత్తం మణికట్టు మీదకి వస్తుంది. రేంజ్‌లో చూస్తుంటాను, కొత్తగా కొన్నవాళ్ళు మొదటి షెల్ నవ్వుతూ పేలుస్తారు, రెండోది పళ్ళు బిగించి పేలుస్తారు, మూడోదానికి పక్కవాడికి ఇచ్చేసి ఫోన్‌లో వీడియో తీస్తుంటారు. కొన్ని రేంజ్‌లు బట్ లేనివాటిని అసలు లోపలికే రానివ్వవు, ఎందుకంటే జనం నడుము దగ్గర పెట్టి పేల్చి సీలింగ్‌కి చిల్లులు పెడుతున్నారు.

ముందు చేత్తో పట్టుకుని వెనక్కి లాగే భాగం మీద షాక్‌వేవ్‌కి ఒక నవారు పట్టీ ఉంటుంది గమనించారా. అది అందానికి కాదు. బ్యారెల్ పొట్టిది, తన్ను ఎక్కువ, పంప్ గట్టిగా ముందుకి తోసేటప్పుడు చెయ్యి జారితే వేళ్ళు నేరుగా గొట్టం మూతి ముందుకి వెళ్ళిపోతాయి. ఫ్యాక్టరీ వాడే దానికి పట్టీ వేసి ఇచ్చాడంటే ఆ ప్రమాదం ఎంత దగ్గరగా ఉందో అర్థం చేసుకోవచ్చు. ఆ పట్టీ తీసేసి వాడేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

షాట్‌గన్‌కి గురి అక్కర్లేదు, గదిలోకి తిప్పి నొక్కితే చాలు అనేది ఇంకో పెద్ద అపోహ, షాక్‌వేవ్ కొనేవాళ్ళలో ఎక్కువమంది దీన్నే నమ్ముకుంటారు. డబుల్ ఓ బక్ షెల్‌లో మామూలుగా తొమ్మిది సీసం గుళ్ళుంటాయి, ఒక్కోటి మూడో వంతు అంగుళం లావు. హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి ఉండే దూరంలో అవి విచ్చుకునేది కొన్ని అంగుళాలే, అరచేతి మేర అనుకోండి. బ్యారెల్ పొట్టిదైతే గుళ్ళు గది నిండా చల్లేస్తాయనేది సినిమా లెక్క. గురి తప్పితే ఆ తొమ్మిదీ గోడలోకి వెళ్తాయి, ఇక్కడి ఇళ్ళ గోడలు అట్టముక్కలే, అవతల పిల్లలు పడుకున్న గది ఉండొచ్చు. బట్ ఉన్న తుపాకీతో గురి పెట్టడం ఒక మధ్యాహ్నం నేర్చుకోవచ్చు, బట్ లేనిదాన్ని కళ్ళెత్తుకి పట్టుకుని రెండు చేతులతో ఎదురెదురుగా లాగి పట్టి కాల్చడానికి చాలా సాధన కావాలి, అంత సాధన చేసే ఓపిక ఉన్నవాడు సాధారణంగా షాక్‌వేవ్ కొనడు.

షాక్‌వేవా ట్యాక్-14నా అంటే, ఈ రెండిట్లో ఎంచుకోవాల్సి వస్తే నేను ఒక్క విషయం చూస్తా, సేఫ్టీ, అంటే పొరపాటున పేలకుండా ఆపే మీట, ఎక్కడుందో. మోస్‌బర్గ్‌కి సేఫ్టీ రిసీవర్ పైన వెనక భాగంలో ఉంటుంది, బట్ ఉన్నప్పుడు బొటనవేలు సరిగ్గా దాని మీదే పడుతుంది, ఎడమచేతి వాళ్ళకి కూడా వరం. కానీ వంపు పిడి పెట్టేసరికి బొటనవేలు అందదు, పట్టు సడలించి చెయ్యి జరపాలి. రెమింగ్టన్‌కి ట్రిగ్గర్ వెనకాల అడ్డంగా నొక్కే బటన్, పిడి ఏదైనా వేలికి అందుతుంది. బరువులో ట్యాక్-14 స్టీల్ రిసీవర్ వల్ల కాస్త ఎక్కువ, అది ఇక్కడ మంచిదే. షెల్స్ మాత్రం మోస్‌బర్గ్‌లో ఒకటి ఎక్కువ పడుతుంది, బ్యారెల్ కింది ట్యూబ్‌లో ఐదు, పేలడానికి సిద్ధంగా ఛాంబర్‌లో ఒకటి, ట్యాక్-14లో నాలుగు, ఒకటి. రెమింగ్టన్ 2018లో ఒకసారి, 2020లో ఇంకోసారి దివాలా తీసి చేతులు మారింది కాబట్టి పాతది సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఏ కాలంలో తయారైందో చూసుకోవాలి. మోస్‌బర్గ్‌లో 20 గేజ్, ఇంకా సన్నటి 410 కూడా దొరుకుతాయి, తప్పనిసరిగా ఈ రకమే కావాలనుకుంటే 20 గేజ్ తీసుకోండి, మణికట్టు మీకు దణ్ణం పెడుతుంది.

ఇక ఫారాలు పెట్టి కొనే రెండూ. 2026 జనవరి 1 నుంచి ఇక్కడ పెద్ద మార్పే జరిగింది, చాలామందికి ఇంకా తెలియదు. 2025 జులై 4న ట్రంప్ సంతకం పెట్టిన పెద్ద బిల్లులో ఎస్‌బీఎస్, ఏఓడబ్ల్యూ, పొట్టి రైఫిల్, సైలెన్సర్ల మీద 200 డాలర్ల పన్నుని సున్నా చేసేశారు. మెషిన్‌గన్లకీ, డిస్ట్రక్టివ్ డివైస్‌లకీ (బాంబులు, గ్రెనేడ్ల లాంటివి) మాత్రం 200 అలాగే ఉంది. 90 ఏళ్ళ పైన కదలని అంకె అది. అంతకుముందు ఏఓడబ్ల్యూకి చేతులు మారితే 5 డాలర్లే పన్ను కాబట్టి జనం సూపర్ షార్టీ లాంటివి ఆ దారిలో కొనేవాళ్ళు, ఇప్పుడు ఆ లాభం కూడా లేదు, అన్నీ సున్నానే. కానీ పన్ను పోయింది అంతే, రిజిస్ట్రేషన్ పోలేదు, వేలిముద్రలు, ఫొటో, స్థానిక పోలీసు అధికారికి సమాచారం, ఏటీఎఫ్ అప్రూవల్ వచ్చేదాకా ఆగడం, ఇవన్నీ ఉన్నాయి. పన్ను చట్టం అన్న పేరుతోనే కదా 1937లో సుప్రీంకోర్టు దీన్ని నిలబెట్టింది, పన్నే లేనప్పుడు రిజిస్టర్ ఏ అధికారంతో అడుగుతారు అని కేసులు వేశారు, అది వేరే కథ, తేలేదాకా ఫారాలు నింపాల్సిందే.

నా లెక్కలో షాక్‌వేవ్‌కి గట్టి దెబ్బ ఇదే. ఆ తుపాకీ పుట్టిందే 200 డాలర్లు, నెలల తరబడి ఎదురుచూపులు తప్పించడానికి. డబ్బు సున్నా అయింది, ఆన్‌లైన్ ఫారాలు వచ్చాక ఎదురుచూపు కూడా బాగా తగ్గింది. మరి 14 అంగుళాల బ్యారెల్‌కి శుభ్రంగా బట్ పెట్టుకునే అవకాశం ఉన్నప్పుడు బట్ లేనిది ఎందుకు? 14 అంగుళాల ఎస్‌బీఎస్ మొత్తం పొడుగు 35 అంగుళాల లోపు ఉంటుంది, ఇరుకు హాలులో మలుపు తిరగడానికి మామూలుదాని కంటే నిజంగానే సుఖం, భుజానికి ఆనుతుంది, గురి కుదురుతుంది. పోలీసు స్వాట్ టీములు 14 అంగుళాల 870లు వాడేది బట్‌తోనే. ఇబ్బంది ఏంటంటే ఎస్‌బీఎస్‌ని ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్ళాలంటే ముందు ఏటీఎఫ్‌కి ఇంకో ఫారం పెట్టి అనుమతి తీసుకోవాలి, ప్రాజెక్టు మారినప్పుడల్లా డాలస్ నుంచి షార్లెట్, షార్లెట్ నుంచి ఫీనిక్స్ తిరిగే మన కన్సల్టెంట్ అన్నలకి ఇది తలనొప్పే. ఏఓడబ్ల్యూకి ఆ ఫారం అక్కర్లేదు.

ఏఓడబ్ల్యూ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. సూపర్ షార్టీ బ్యారెల్ ఆరున్నర అంగుళాలు, మొత్తం పదహారున్నర, షెల్స్ రెండు ప్లస్ ఒకటి, ముందు మడిచే పిడి ఉంటుంది. ఇంజినీరింగ్ చూస్తే ముచ్చటేస్తుంది, ఇంట్లో రక్షణకి అంటే నవ్వొస్తుంది. సేకరణ పిచ్చి ఉన్నవాళ్ళు తీసుకోండి.

కొనేటప్పుడు ఇంకో తేడా. మామూలు షాట్‌గన్ ఫెడరల్ చట్టం ప్రకారం డీలర్ దగ్గర 18 ఏళ్ళకే కొనొచ్చు, వేరే రాష్ట్రంలో షాపులో కూడా రెండు రాష్ట్రాల చట్టాలూ ఒప్పుకుంటే కొనుక్కోవచ్చు. షాక్‌వేవ్ 'ఇతర' కాబట్టి 21 నిండాలి, సొంత రాష్ట్రంలోనే కొనాలి. రాష్ట్రాల చట్టాలు మళ్ళీ వేరు. మనవాళ్ళు గుంపుగా ఉండే టెక్సస్‌లోనే 2017లో ఇది వచ్చినప్పుడు కుదరలేదు, రాష్ట్ర చట్టం మార్చాక ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచే అమ్మకాలు మొదలయ్యాయి. కాలిఫోర్నియాలో అయితే ఫెడరల్ నిర్వచనంతో పని లేదు, షాట్‌గన్ షెల్ పేల్చేదై బ్యారెల్ 18 లోపు ఉంటే చాలు, నిషేధమే. బే ఏరియా నుంచి టెక్సస్ మారినవాడు టెక్సస్‌లో కొని సెలవులకి వెనక్కి పట్టుకెళ్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు కదా.

అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది వీసా. హెచ్-1బీ, ఎఫ్-1, హెచ్-4, అంటే ఇమ్మిగ్రెంట్ కాని ఏ వీసా మీద ఉన్నా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు, దీనికి ముఖ్యమైన మినహాయింపు చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్. ఫ్రెండ్‌ది కదా, రేంజ్‌లో అద్దెకే కదా అనేది పనికిరాదు, చేతిలో ఉండటం కూడా లెక్కే. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళు కొనొచ్చు. హంటింగ్ లైసెన్స్ ఆన్‌లైన్‌లో తీసేసుకుని వెళ్ళిపోయేవాళ్ళని చూశాను, కాగితం మీద అది సరే, కానీ మన గ్రీన్ కార్డ్ ఫైలు లైన్‌లో ఉన్నప్పుడు చిన్న పొరపాటు ఎంత ఖరీదో ఆలోచించుకోండి, ముందు ఒక ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి.

కెనడాలో ఉన్న మనవాళ్ళు ఇదంతా చదివి నవ్వుకుంటారు, వాళ్ళ దగ్గర లెక్క తలకిందులు. డొమినియన్ ఆర్మ్స్ గ్రిజ్లీ అని ఎనిమిదిన్నర అంగుళాల బ్యారెల్ పంప్, బట్‌తో సహా, అక్కడ మామూలు లైసెన్సు మీద నాన్ రెస్ట్రిక్టెడ్, అంటే అదనపు ఆంక్షలు లేని కోవ. ఎందుకంటే పంప్‌కి వాళ్ళు చూసేది మొత్తం పొడుగు 660 మిల్లీమీటర్లు ఉందా లేదా, బ్యారెల్ పొట్టిగా ఫ్యాక్టరీలోనే చేశారా లేదా. మీరు ఇంట్లో రంపం పెట్టి 457 మిల్లీమీటర్ల లోపుకి కోస్తే మాత్రం అదే తుపాకీ నిషేధిత ఆయుధం. పిస్టళ్ళ మీద అంత కఠినంగా ఉండే దేశం దీన్ని వదిలేసింది, పిస్టళ్ళని వదిలేసిన దేశం దీన్ని పట్టుకుంది. బ్రిటన్‌లో 1987 హంగర్‌ఫర్డ్ కాల్పుల తర్వాత చట్టం బిగించారు, పంప్ అయితే బ్యారెల్ 24, మొత్తం 40 అంగుళాల లోపు ఉంటే నిషేధం, ఇక్కడ చెప్పిన నాలుగింటిలో ఒక్కటీ అక్కడ బతకదు.

మరి మన దేశంలో? ఆయుధ నిబంధనల్లో నున్నటి గొట్టం ఉన్న తుపాకీ బ్యారెల్ 20 అంగుళాల లోపు ఉంటే మొదటి కేటగిరీలో పడుతుంది, అంటే బ్యాంకు ముందు స్టూలు మీద కూర్చునే గార్డు చేతిలోని 12 బోర్ లాంటి మామూలు లైసెన్సు వస్తువు కాదు. కాబట్టి అమెరికాలో 'మామూలు' అని నేను పొగుడుతున్న పద్దెనిమిదిన్నర కూడా మనకి పొట్టిదే. బ్యారెల్ కోసి పొట్టి చేయడం ఆయుధ చట్టం 6వ సెక్షన్ కింద లైసెన్సు లేకుండా నేరం, 2019 సవరణ తర్వాత మనిషికి రెండు తుపాకులే. ఇండియా వెళ్ళే ముందు రేంజ్‌కి వాడిన బ్యాగు మాత్రం సూట్‌కేసుల్లో కలపకండి, మూలన మరిచిపోయిన ఒక్క షెల్ చాలు, శంషాబాద్‌లో ఇంటికెళ్ళే బదులు పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాల్సొస్తుంది.

ఎవరికి ఏది అంటే: మొదటి తుపాకీ, ఇల్లు, భార్యాభర్తలిద్దరూ వాడాలి అంటే మావెరిక్ 88 లేదా 590, 18.5 బ్యారెల్, కుదిరితే 20 గేజ్, మిగిలిన డబ్బు ఒక మంచి లాకర్‌కీ, ఒక క్లాస్‌కీ పెట్టండి. పిల్లలున్న ఇంట్లో లాకర్ ముందు, తుపాకీ తర్వాత. ఒకే ఊళ్ళో స్థిరపడి, ఫారాలు నింపే ఓపిక ఉండి, ఇల్లు ఇరుకైతే 14 అంగుళాల ఎస్‌బీఎస్. ఆర్వీలో, అంటే ఇల్లులాంటి బండిలో, తిరిగేవాళ్ళు షాక్‌వేవ్ వైపు చూస్తారు, చోటు తక్కువ కాబట్టి వాళ్ళది అర్థం చేసుకోదగ్గ కారణమే, కానీ దారిలో ఏ రాష్ట్రాలు తగులుతాయో ముందు రాసుకోవాలి.

ఇప్పటికే షాక్‌వేవ్ కొనేసి బీరువాలో పెట్టుకున్నవాళ్ళు అమ్మేయక్కర్లేదు. రాష్ట్రం ఒప్పుకుంటే ఏటీఎఫ్ ఫారం 1 (మన దగ్గరున్న తుపాకీని ఎస్‌బీఎస్‌గా మార్చుకోడానికి పెట్టే అర్జీ) పెట్టి, అప్రూవ్ అయ్యాక మీ పేరు, ఊరు, రాష్ట్రం దాని మీద చెక్కించి, అప్పుడు బట్ బిగిస్తే అదే తుపాకీ చట్టబద్ధమైన ఎస్‌బీఎస్ అవుతుంది, కట్టాల్సిన పన్ను సున్నా. అప్రూవల్ మెయిల్ రాకముందు మాత్రం బట్ కొని ఇంట్లో పెట్టుకోకండి, రెండూ ఒకే కప్పు కింద దొరికితే బిగించలేదండీ అని చెప్పుకోడానికి లాయర్ని పెట్టుకోవాల్సి వస్తుంది.